ఖమ్మంమెట్టు నుండి భద్రాచలానికి: నాలుగు గీతల చరిత్ర

మా కళాశాలలో బి.ఏ. చదువుతున్న ఒక కోయ విద్యార్థి నన్నొక ప్రశ్న అడిగాడు. స్థానిక చరిత్ర మీద పదేసి పుటల వ్యాసం వ్రాసి తేవాలని నేను తరగతిలో చెప్పివున్నాను. ఆ కుర్రవాడు పాఠం ముగిశాక వరండాలో నా వెంట నడుస్తూ, "సార్, మా ఊరి చరిత్ర ఏ జిల్లా పుస్తకంలో వెతకాలి?" అన్నాడు.

వాళ్ళ ఊరు భద్రాచలానికి దగ్గరగా, ఎటపాక వైపు వుంది. వాళ్ళ తాత పుట్టేనాటికి ఆ ఊరు తూర్పు గోదావరి జిల్లాది. తండ్రి పుట్టేనాటికి ఖమ్మం జిల్లాది. ఇతడు పలకా బలపం పట్టిన నాడు కూడా ఖమ్మం జిల్లాదే. 2014లో అది మళ్ళీ తూర్పు గోదావరిది అయింది. 2022లో అల్లూరి సీతారామరాజు పేరిట ఏర్పడిన జిల్లాలో చేరింది. ఊరు మాత్రం వున్న చోటనే వుంది.

"అన్ని జిల్లాల పుస్తకాల్లోనూ వెతుకు" అన్నాను. అది తప్పించుకునే జవాబని నాకూ తెలుసు, అతనికీ తెలుసు. అతడు మారుమాట అనలేదు. ఆ మౌనమే నన్ను కదిలించింది. మాఘమాసంలో ఒక శని, ఆదివారాలు చూసుకొని, అతణ్ణి వెంటబెట్టుకొని బయలుదేరాను. శనివారం ఖమ్మం పాతబస్తీ, ఆదివారం భద్రాచలం గుడి వీధులు. పుస్తకాల్లో దొరకనిది వీధుల్లో దొరుకుతుందేమోనని ఆశ.

ఇటువంటి పాత పట్టణాల చరిత్ర మనకు రెండు మూసల్లో దొరుకుతున్నది. ఒకటి రాజుల మూస: ఎవరు కోట కట్టారు, ఎవరు పడగొట్టారు. రెండవది భక్తుల మూస: దేవుడు ఎవరికి కలలో కనిపించాడు, ఎవరు గుడి కట్టించారు. రెంటిలోనూ కట్టడానికి సొమ్ము ఎక్కడినుండి వచ్చిందనే ప్రశ్న వుండదు. ఈ వ్యాసంలో నేను అడగదలచుకున్నది ఆ ఒక్క ప్రశ్నే. తక్కినవన్నీ దాని వెంట వస్తాయి.

ఖిల్లా

ఖమ్మానికి ఆ పేరు స్తంభాద్రి నుండి వచ్చిందని చెబుతారు. ఊరి మధ్య గుట్ట మీద నరసింహస్వామి గుడి వుంది. స్తంభం నుండి వెలసిన దేవుడు కనుక స్తంభాద్రి; అది వాడుకలో కంభం, ఖమ్మం అయిందని వ్యుత్పత్తి. పాత రికార్డుల్లో ఊరి పేరు ఖమ్మంమెట్టు. మెట్టంటే ఎత్తైన నేల. పేరులో దేవుడున్నా లేకున్నా ఎత్తైన నేల వున్నది నిజం. చుట్టూ చెరువులు, పొలాలు, ఒక పక్క మున్నేరు, నడుమ నల్లరాతి గుట్ట. కోట కట్టదలచిన వాడెవడైనా ఆ గుట్టనే ఎంచుకుంటాడు.

ఉదయం ఎండ ముదరకముందే ఖిల్లా ఎక్కాము. ఈ కోట గోడల్లో ఒక్క రాజవంశాన్ని వెతకడం వృథా ప్రయాస. కాకతీయుల కాలపు పునాదుల మీద కుతుబ్‌షాహీల కట్టడం, దాని మీద ఆసఫ్‌జాహీల మరమ్మత్తు. కోటలోని మెట్లబావిని జనం జాఫర్ బావి అంటారు. అది ఆసఫ్‌జాహీ సర్దారు జఫరుద్దౌలా పేరు. మెట్ల మీద కూర్చొని మేము చాలాసేపు మాట్లాడుకున్నది మాత్రం షితాబ్ ఖాన్ గురించి.

16వ శతాబ్ది తొలి దశాబ్దాల్లో ఓరుగల్లు, ఖమ్మంమెట్టు సీమలను ఏలిన ఈ దొరకు రెండు పేర్లున్నాయి. ఒకటి సీతాపతిరాజు, రెండవది షితాబ్ ఖాన్. 1504 నాటి వరంగల్లు శాసనం అతడు అక్కడ దేవతలను తిరిగి ప్రతిష్ఠించిన సంగతి చెబుతున్నది. పేరు చూస్తే బహమనీ కొలువులో వచ్చిన బిరుదు. పని చూస్తే ఆలయోద్ధరణ. పుట్టుక చూస్తే అతడు బోయ కులస్థుడని చరిత్రకారులు కొందరు నిర్ణయించారు. చివరికి ఇతణ్ణి ఓడించి ఈ సీమను గోలకొండలో కలిపినవాడు సుల్తాన్ కులీ కుతుబ్‌షా.

ఈ మనిషిని నేటి మతరాజకీయాల పెట్టెలో ఎక్కడ పెడతారు? హిందువుల కోట, ముస్లిముల కోట అని గోడలకు మతం అంటగట్టే రచనలు ఈ మధ్య ఎక్కువవుతున్నాయి. షితాబ్ ఖాన్ ఒక్కడు చాలు ఆ వాదం కూలడానికి. పాలకుడికి మతం కావలసినప్పుడు మతం, బిరుదు కావలసినప్పుడు బిరుదు. అతనికి ఎప్పుడూ కావలసింది ఒకటే: కింద కనిపించే పొలాల నుండి వచ్చే శిస్తు. గుట్ట మీద నిలబడితే నాలుగు దిక్కులా పొలాలే కనిపిస్తాయి. కోట శత్రువును చూడడానికి కట్టారంటారు. కల్లాల మీద కన్నుంచడానికి కూడా ఆ ఎత్తు పనికివచ్చి వుంటుంది.

చౌకు

కోట దిగి కమాన్ బజారులో పడ్డాము. బట్టల కొట్లు, బంగారు కొట్లు, ఇరుకైన అరుగులు, పైన పాత మిద్దెలు. అక్కడినుండి గాంధీచౌక్ వైపు నడిస్తే వాసన మారుతుంది. అది మిరప పంట వచ్చే రోజులు. తేజ రకం మిరప ఘాటు ముక్కుకు తగిలితే కొత్తవారికి తుమ్ములు ఆగవు. కొనేవారు, అమ్మేవారు, మోసేవారు అందరూ రుమాళ్ళు మూతికి చుట్టుకొని వున్నారు.

నా విద్యార్థి ఒకచోట ఆగి బస్తాలను చూపించాడు. ప్రతి బస్తా మీదా సిరాతో రైతు పేరు, ఊరి పేరు వ్రాసివున్నాయి. కామేపల్లి, ఏన్కూరు, జూలూరుపాడు, గుండాల. ఖమ్మం నుండి తూర్పుకు, ఉత్తరానికి అడవి మొదలయ్యే దారిలో వున్న ఊళ్ళు అవి. "సార్, ఇది మ్యాపు లాగా వుంది" అన్నాడు. అతడు చూపించిన దాకా ఆ సంగతి నాకు తోచలేదు. పట్టణం నడిబొడ్డున, హమాలీ వీపు మీద, అడవి అంచు భూగోళమంతా కదిలిపోతున్నది. ఈ చౌకు పట్టణానికి బొడ్డు వంటిది. తిండి ఎటునుండి వస్తున్నదో బొడ్డును చూస్తే తెలుస్తుంది.

ఈ వీధులకు మరొక చరిత్ర కూడా వుంది. నిజాం రాష్ట్రంలో తెలుగువారి మహాసభ అయిన ఆంధ్రమహాసభ రెండుసార్లు ఖమ్మంలో జరిగింది. మొదటిది 1934లో, పులిజాల వెంకటరంగారావు గారి అధ్యక్షతన. రెండవది 1945లో, రావి నారాయణరెడ్డి గారి అధ్యక్షతన. రెంటి మధ్య దూరం పదకొండేళ్ళే; కాని అవి రెండు వేర్వేరు సభలు. మొదటినాటి సభలో భాష, గ్రంథాలయాలు, పాఠశాలలు ప్రధాన విషయాలు. రెండవనాటికి వెట్టిచాకిరి, బేదఖళ్ళు, లెవీ ధాన్యం ముందుకు వచ్చాయి. అంతకు ముందటి ఏడు భువనగిరి సభలో మితవాదులు విడిపోయారు. వకీళ్ళ సంస్థ రైతుల సంస్థగా మారింది. 1946లో మొదలైన సాయుధ పోరాటం ఆ మార్పు నుండే పుట్టింది.

ఈ ఊళ్ళోనే ఉన్నత పాఠశాలలో చదివిన దాశరథి కృష్ణమాచార్య ఆ పోరాటంలో జైలుకు పోయి కవిగా బయటకు వచ్చాడు. దాశరథిని పాఠంగా చెప్పే మేము, అతడు నడిచిన వీధి ఏదో విద్యార్థులకు చూపించం. 1969 జనవరిలో తెలంగాణ రక్షణల కోసం రవీంద్రనాథ్ అనే విద్యార్థి నిరాహారదీక్షకు కూర్చున్నది కూడా ఈ గాంధీచౌక్‌లోనే. మిరప బస్తాలు దిగే ఈ చౌకు రెండు తరాల రాజకీయాలకు వేదిక అయింది. మార్కెట్టు రైతును దోచుకునే చోటు. అదే రైతులు ఒకరినొకరు కలుసుకునే చోటు కూడా. దోపిడీ జరిగే స్థలమే తిరుగుబాటుకు సమావేశ స్థలం కావడం చరిత్రలో కొత్త కాదు.

రైలు ఆగిన చోటు

ఆదివారం తెల్లవారుజామున భద్రాచలం బస్సెక్కాము. కొత్తగూడెం చేరేదాకా పొలాలు, తోటలు. ఆ తరువాత అడవి. కొత్తగూడెం రైలుస్టేషను బోర్డు మీద భద్రాచలం రోడ్ అని వ్రాసివుంటుంది. భద్రాచలం అక్కడికి సుమారు నలభై కిలోమీటర్లు. తెలియని యాత్రికులు దిగి, గుడి ఎక్కడని వెతుక్కుంటారు.

ఈ స్టేషను పేరులో ఒక శతాబ్ది ఆర్థిక చరిత్ర వుంది. 1871లో భూగర్భ శాస్త్రజ్ఞుడు విలియం కింగ్ ఇల్లెందు పరిసరాల్లో బొగ్గును కనుగొన్నాడు. 1886లో లండనులో హైదరాబాద్ దక్కన్ కంపెనీ ఏర్పడి గనుల హక్కులు సంపాదించింది. 1889లో హైదరాబాదు రైలుమార్గం బెజవాడ దాకా వచ్చింది. ఖమ్మంమెట్టు ఆ దారిలో స్టేషను అయింది. డోర్నకల్లు నుండి బొగ్గు గనులకు శాఖామార్గాలు వేశారు. 1920లో సింగరేణి కాలరీస్ కంపెనీ ఏర్పడింది. రైలు రాముడి దగ్గరికి పోలేదు. బొగ్గు దగ్గర ఆగిపోయింది. యాత్రికుల కోసం వేసిన దారి అయితే ఆ నలభై కిలోమీటర్లు పెద్ద దూరమేమీ కాదు.

ఇక్కడ గమనించవలసిన విషయం ఒకటున్నది. అడవిలోకి వచ్చిన దారులన్నీ అడవి నుండి ఏదో ఒకటి తీసుకుపోవడానికి వచ్చినవే. గోదావరి మీద ఆర్థర్ కాటన్ కలలు కన్న నౌకామార్గం మధ్యభారతపు పత్తిని సముద్రానికి చేర్చడానికి ఉద్దేశించినది. దుమ్ముగూడెం దగ్గర ఆనకట్ట, లాకులు కట్టారు. లక్షలు ఖర్చుపెట్టాక 1870ల మొదట్లో పని మానుకున్నారు. ఆ లోగా మరో దిక్కునుండి పత్తికి రైలు దొరికింది. రాతికట్టడం మిగిలిపోయింది. దారి వచ్చింది మన కోసం కాదు. పోయింది కూడా మనతో చెప్పి కాదు.

గోపన్న జమాఖర్చు

సారపాక దాటి వంతెన మీదికి వచ్చాము. ఈ వంతెన 1965లో ప్రారంభమయింది. అంతకు ముందు యాత్రికులు పడవల మీదనే దాటేవారు. నది సన్నగా, ఇసుక మేటల మధ్య పారుతున్నది. ఇదే నది 1986 ఆగస్టులో 75.6 అడుగులకు, 2022 జూలైలో 71.3 అడుగులకు లేచి ఊళ్ళను ముంచిందంటే ఆ వేళ నమ్మబుద్ధి కాలేదు.

భద్రాచలం పాతవీధి గుడి మెట్ల కింద మొదలవుతుంది. కొబ్బరికాయలు, తులసిమాలలు, సత్రాలు, హోటళ్ళు, రామదాసు పటాలు. పదేళ్ళుగా నేను రామదాసు కీర్తనలు పాఠం చెబుతున్నాను. భక్తి, ఆర్తి, నిందాస్తుతి అని మూడు మాటల్లో ముగించడం నా అలవాటు. ఆ ఆదివారం మెట్ల మీద కూర్చొని మొదటిసారి ఆయనను ఒక ఉద్యోగిగా ఊహించుకున్నాను.

కంచెర్ల గోపన్న నేలకొండపల్లి వాడు. గోలకొండ చివరి సుల్తాను అబుల్ హసన్ తానీషా దగ్గర మంత్రులైన అక్కన్న, మాదన్నలకు మేనల్లుడు. తానీషా ఏలింది 1672 నుండి 1687 దాకా. మేనమామల అండతో గోపన్న పాల్వంచ పరగణాకు తహసీల్దారు అయ్యాడు. పరగణాలో వసూలైన శిస్తు ఆరు లక్షలు గుడికీ, నగలకూ ఖర్చుపెట్టాడనీ, అందుకు తానీషా గోలకొండ చెరసాలలో పన్నెండేళ్ళు పెట్టాడనీ, చివరికి రామలక్ష్మణులే మారువేషాల్లో వచ్చి ఆ సొమ్ము చెల్లించారనీ కథ.

కథలోని అద్భుతాన్ని పక్కన పెట్టి, లెక్కను మాత్రం చూద్దాం. ఆరు లక్షలు ఎవరివి? తానీషావి అంటాడు తానీషా. రాముడివి అంటాడు గోపన్న. ఇద్దరి తగాదాలో మూడవ పక్షం పేరు రాదు. గోలకొండ రాజ్యంలో శిస్తు వసూలు ఎట్లా జరిగేదో 1618 నుండి 1622 దాకా మచిలీపట్నంలో వున్న ఇంగ్లీషు వర్తకుడు మెథ్‌వోల్డ్ వ్రాసిపెట్టాడు. పదవులు వేలంలో అమ్ముడయ్యేవి. ఎక్కువ పాడినవాడు పదవి కొని, పెట్టిన సొమ్మును రైతు దగ్గర రాబట్టుకునేవాడు. గోపన్న అటువంటి వాడని నేను అనడం లేదు. కాని ఆయన పనిచేసిన యంత్రం మాత్రం అటువంటిది. ఆ యంత్రం పిండిన సొమ్మే గోపురమయింది, చింతాకు పతకమయింది.

నగ నగకూ ఎంత ఖర్చయిందో వరహాల లెక్కన చెప్పి, ఇవన్నీ నీ తండ్రి పెట్టాడా అని రాముణ్ణి నిలదీసే కీర్తన ఒకటి తెలుగువారందరికీ తెలుసు. మన సాహిత్యంలో జమాఖర్చు పుస్తకం కవిత్వమయిన ఘట్టం అది. కచేరీ భాష, బాకీ భాష, దెబ్బల భాష రామదాసు కీర్తనలకు ప్రాణం. ఆ బలం ఊహలో నుండి రాలేదు, ఉద్యోగంలో నుండి వచ్చింది. అందుకే ఆ కీర్తనలు మూడు వందల ఏళ్ళకు పైగా నిలిచాయి. రామదాసు గొప్పకవి అనడానికి నాకు సందేహం లేదు. కాని గొప్పకవి లెక్కలో కూడా ఒక పద్దు తప్పిపోయింది. రాముడు తానీషా బాకీ తీర్చాడు. రైతు బాకీ ఎవరు తీర్చారు?

తానీషా ముస్లిం, గోపన్న హిందువు కనుక ఇది మతహింస అనే వ్యాఖ్యానం ఒకటి వుంది. ఆ తహసీల్దారును నియమించినదీ, అతడు జైల్లో వున్నప్పుడు రాజ్యం నడిపినదీ బ్రాహ్మణ మంత్రులు. కల్యాణానికి ముత్యాల తలంబ్రాలు పంపే ఆచారానికి ఆద్యుడు తానీషాయేనని ఇదే సంప్రదాయం చెబుతున్నది. తగాదా మతానిది కాదు, ఖజానాది. 1686లో అక్కన్న మాదన్నలు హత్యకు గురయ్యారు. మరుసటి ఏడు ఔరంగజేబు గోలకొండను పట్టుకున్నాడు. సుల్తాను కూడా ఖైదీ అయ్యాడు. పాల్వంచ రైతు మాత్రం కొత్త యజమానికి శిస్తు కట్టాడు.

స్థలపురాణంలో మరొక మనిషి వుంది. భద్రిరెడ్డిపాలెం వాసి పోకల దమ్మక్క. పుట్టలో వున్న విగ్రహాలను కనుగొని, పందిరి వేసి, పండ్లు నైవేద్యం పెట్టిన ఆడమనిషి ఆమె. అడవి మనిషిగానే సంప్రదాయం ఆమెను తలుస్తుంది. పందిరి దమ్మక్కది, గోపురం గోపన్నది. పందిరికి ఖజానా అక్కరలేదు. అందుకే దాని కోసం ఎవరూ జైలుకు పోలేదు, దాని మీద ఎవరూ కీర్తన కట్టలేదు.

నాలుగు గీతలు

మధ్యాహ్నం ఎటపాక దారిలో నడిచాము. కొంత దూరం పోగానే రాష్ట్రం మారింది. నేల రంగు మారలేదు. నా విద్యార్థి రోడ్డు మీద నిలబడి, "సార్, ఇక్కడ" అన్నాడు. గీత ఎక్కడా కనబడలేదు. బోర్డు మాత్రం వుంది.

ఈ గీతల కథ 1860లో మొదలవుతుంది. 1857 తిరుగుబాటులో ఇంగ్లీషువారి పక్షాన నిలిచినందుకు నిజాముకు బహుమానాలు అందాయి. రాయచూరు దోఆబు, ధారాశివ్ తిరిగి వచ్చాయి, బాకీ రద్దయింది. ఆ ఒడంబడికలోనే గోదావరి ఎడమగట్టు తాలూకాలు బ్రిటిషువారికి పోయాయి. భద్రాచలం అందులో వుంది. దక్షిణపు గట్టు నిజాముది, ఉత్తరపు గట్టు ఇంగ్లీషువారిది. ఢిల్లీలో, లక్నోలో జరిగిన యుద్ధానికి లెక్కలు సరిచేసుకుంటూ ఇక్కడ కోయవాడి అడవిని చేతులు మార్చారు. అది మొదటి గీత.

ఆ సీమను మొదట మధ్యపరగణాల కింద ఎగువ గోదావరి జిల్లాగా వుంచారు. 1874లో భద్రాచలం, రేకపల్లి తాలూకాలను మద్రాసు రాజధానిలోని గోదావరి జిల్లాకు బదిలీ చేశారు. అది రెండవ గీత. కాగితం మీద చిన్న మార్పు. కాని మధ్యపరగణాల పాలనలో పోడుకు పెద్ద అడ్డు లేదు, శిస్తు తక్కువ. మద్రాసు పాలనలో పోడు మీద శిస్తు సుమారు మూడింతలయింది. కొన్ని అడవుల్లో గొడ్డలి పెట్టడమే నేరమయింది. 1879లో రంపలో పితూరీ లేచినప్పుడు రేకపల్లి సీమ కూడా ఎందుకు లేచిందో దీనినిబట్టి అర్థమవుతుంది. జిల్లా మారితే కోయవాడికి ఏమవుతుందని అడిగేవారికి 1879 జవాబు చెప్పింది.

ఆ తరువాత సుమారు డెబ్భై ఏళ్ళు నది రెండు రాజ్యాల సరిహద్దు. రెండు గట్లకు రెండు చట్టాలు. ఎడమగట్టున గిరిజనుల భూమి పరుల పాలు కాకుండా 1917లో మద్రాసు ప్రభుత్వం ఒక చట్టం చేసింది. కుడిగట్టున అటువంటి రక్షణ 1940ల చివరికి గాని రాలేదు. 1940ల్లో పాల్వంచ కొండరెడ్ల మధ్య వుండి పరిశోధన చేసిన హైమెన్‌డార్ఫ్ వారి అప్పులను, వెట్టిని కళ్ళారా చూసి వ్రాశాడు. 1948 తరువాత సాయుధ పోరాట దళాలు గోదావరి అడవులకు వచ్చినప్పుడు కోయగూడేలు వారికి అన్నం పెట్టాయి. ప్రతిగా సైన్యం గూడేలను ఖాళీ చేయించి జనాన్ని క్యాంపుల్లోకి తోలింది. పాల్వంచ అడవుల్లో కోయల నాయకుడు సోయం గంగులును 1951లో కాల్చి చంపారు. ఖమ్మం సభ చరిత్రలో చోటు సంపాదించినంతగా గంగులు సంపాదించలేదు. సభ పట్నంలో జరిగింది, అతడు అడవిలో చనిపోయాడు.

1953లో ఖమ్మం జిల్లా ఏర్పడింది. 1959లో భద్రాచలం, నూగూరు తాలూకాలను తూర్పు గోదావరి నుండి తెచ్చి అందులో కలిపారు. అది మూడవ గీత. 2014లో తెలంగాణ ఏర్పడే సమయంలో, పోలవరం ముంపు పేరిట, ఖమ్మం జిల్లా నుండి ఏడు మండలాల గ్రామాలను ఆంధ్రప్రదేశ్‌లో కలిపారు. భద్రాచలం మండలంలో పట్టణపు రెవెన్యూ గ్రామం ఒక్కటి తెలంగాణకు మిగిలింది. చుట్టూ వున్న ఎటపాక, కన్నాయిగూడెం, గుండాల, పురుషోత్తపట్నం, పిచ్చుకలపాడు అటు పోయాయి. అది నాలుగవ గీత. గుడి ఒక రాష్ట్రంలో, గుడి భూములు మరో రాష్ట్రంలో. ప్రాజెక్టు కింద నిర్వాసితులయ్యే కుటుంబాలు ప్రభుత్వ లెక్కల్లోనే లక్షకు పైగా వున్నాయి. అందులో గిరిజనులదే పెద్దభాగం.

ఈ నాలుగు గీతలకూ ఒక పోలిక వుంది. ప్రతి గీతకూ ఒక కారణం వుంది, ఏ కారణమూ అక్కడి మనిషిది కాదు. మొదటిది సామ్రాజ్యపు బహుమానం, రెండవది దొరల పాలనా సౌలభ్యం, మూడవది రాష్ట్రాల పునర్‌వ్యవస్థీకరణ, నాలుగవది నీళ్ళు. మూడవది తక్కినవాటి వంటిది కాదని వాదించవచ్చు. ఒకే భాషా రాష్ట్రంలో దగ్గరి జిల్లాకు చేర్చడం సబబే. ఒప్పుకుంటాను. కాని సబబైన పని కూడా అడగకుండా చేస్తే, తరువాతి వాడు సబబు కాని పనిని కూడా అడగకుండా చేయడానికి అది దారి అవుతుంది.

తెల్లకాగితం

సాయంత్రం తిరిగి పట్టణంలోకి వచ్చి ఒక హోటల్లో టీ తాగాము. భద్రాచలం షెడ్యూల్డు ప్రాంతం. 1959 నాటి భూబదలాయింపు నిబంధన ప్రకారం, 1970 సవరణ ప్రకారం, ఇక్కడి భూమి గిరిజనేతరుడి చేతికి పోకూడదు. 1963 నుండి ఆ నిబంధన తెలంగాణ ప్రాంతానికీ వర్తించింది. బోర్డుల మీద పేర్లు చదువుకుంటూ వీధి చివరిదాకా నడిచాము. కోయ ఇంటిపేర్లు కనబడతాయేమోనని చూశాము. సోయం, మడకం, కారం, తెల్లం, ఏవీ కనబడలేదు. చట్టం అడవి వైపు వుంది, వీధి చట్టానికి అవతల వుంది.

ఇక్కడ నా సంగతి కూడా చెప్పకపోతే ఈ వ్యాసం అబద్ధమవుతుంది. మా తాత 1960ల్లో కృష్ణాజిల్లా నుండి అశ్వారావుపేట వైపు వలస వచ్చాడు. నాలుగెకరాలు కొన్నాడు. కొన్నానని ఆయన అనేవాడు. రిజిస్టరు దస్తావేజు లేదు. తెల్లకాగితం మీద ఒక వేలిముద్ర వుంది. ఆ వేలు ఎవరిదో మా ఇంట్లో ఎవరికీ తెలియదు. ఆ పొలం మాట వచ్చినప్పుడు మా నాయన గొంతు తగ్గించడం నాకు చిన్నప్పటి నుండి తెలుసు. ఆ పొలం మీద వచ్చిన మిరప గాంధీచౌక్‌కు పోయింది, అక్కడి సొమ్ముతో నేను ఎం.ఏ. చదివాను. గోపన్న జమాఖర్చులో తప్పిపోయిన పద్దును పట్టుకున్నానని మెట్ల మీద సంబరపడిన నాకు, నా పద్దు గుర్తుకు రావడానికి సాయంత్రం దాకా పట్టింది.

ఆ మాట నా విద్యార్థికి చెప్పాను. ఎందుకు చెప్పానో అప్పుడు తెలియలేదు. అతడు గ్లాసు కింద పెట్టి కొంచెంసేపు వీధి వైపు చూశాడు. తరువాత, "ఇది కూడా రాయండి సార్" అన్నాడు. కోపంతో అనలేదు, క్షమించినట్లు కూడా అనలేదు. నేను అతనికి ఇచ్చిన ఇంటిపనిలాగే, అతడు నాకు ఇంటిపని ఇచ్చాడు.

ఆ వేలిముద్ర ఎవరిదో తెలుసుకునే పని మొదలుపెట్టాను. మా ఇంట్లో దీన్ని ఎవరూ హర్షించడం లేదు. తెలిశాక ఏమి చేయాలన్నది చట్టమూ, నా అంతరాత్మా కలిసి తేల్చవలసిన సంగతి. దాన్ని ఇక్కడ ముందుగా ప్రకటించి పుణ్యం మూటగట్టుకోను.

పాఠకుల్లో ఉపాధ్యాయులున్నారు, విద్యార్థులున్నారు. మన ప్రాంతపు చరిత్ర అంటే శిల్పాలూ శాసనాలూ మాత్రమే కాదని మనందరం చెబుతూనే వున్నాం. చెప్పడం చాలలేదు. ప్రతి కళాశాల తన పట్టణపు పాతవీధిని ఇల్లిల్లూ వ్రాసుకోవాలి: ఈ కొట్టులోకి సరుకు ఎక్కడినుండి వచ్చేది, మోసినవారు ఏ ఊరివారు, అప్పు ఎవరిది, స్థలం మొదట ఎవరిది. గూడేల్లో ముసలివారు చెప్పేది వారి భాషలోనే వ్రాసుకోవాలి. కోయభాష తెలిసిన విద్యార్థులు మన తరగతుల్లోనే వున్నారు, మనం వారిని ఇంతవరకు అడగలేదు. 2006 అటవీహక్కుల చట్టం కింద ఎవరికి పట్టా వచ్చింది, ఎవరికి రాలేదు అన్న లెక్క కూడా చరిత్రే. రేపటి చరిత్రకారుడు దాని కోసం వెతుకుతాడు.

నా విద్యార్థి తన వ్యాసం ఇచ్చాడు. మొదటి పుటలో జిల్లా పేరు వ్రాయవలసిన చోట ఖాళీ వదిలాడు. రెండవ పుట నుండి వాళ్ళ అవ్వ చెప్పిన మాటలు కోయభాషలో, తెలుగులిపిలో వ్రాశాడు. పక్కన తెలుగు అర్థం. పది పుటలు అడిగితే పద్దెనిమిది అయ్యాయి. మార్కులు వేయడానికి కూర్చున్నాను. నాకు కోయభాష రాదు. మొదట అది నేర్చుకోవాలి.